ఏడు కిలోలు తగ్గినా తీరని సమస్య

పేరు బయటపెట్టవద్దని కోరిన ఒక పాఠకురాలు మాకు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమెకు పందొమ్మిదేళ్లు. పదేళ్ల వయసు నుంచి తైక్వాండో నేర్చుకుంటున్నారు. 62 కిలోల లోపు విభాగంలో పోటీ పడుతున్నారు. ఎత్తు 161 సెంటీమీటర్లు. జూనియర్ స్థాయిలో వరుసగా పతకాలు సాధించిన ఆమెకు సీనియర్ విభాగంలో అడుగుపెట్టాక గెలుపే కరువైంది. ఎదురుగా నిలబడేవారంతా 172, 175 సెంటీమీటర్ల పొడగరులు. "ముందుకాలు ఎత్తి గాలిలోనే ఉంచుతారు. దాన్ని దాటుకొని లోపలికి వెళ్లలేకపోతున్నాను. కాలు లేస్తూ ఉండగానే దూరుదామని అడుగు వేస్తాను, అంతలో అదే కాలు నా తలకు తగులుతుంది" అని రాశారు.

ఈమధ్య ఓడిన ఒక పోటీ తర్వాత ఆమె మాస్టారు తోటి విద్యార్థులందరి ముందూ ఫోన్‌లో మూడు మనిషి బొమ్మలున్న చార్టు చూపించి, "నీది ఎండోమార్ఫ్ శరీరం. కాళ్లు పొట్టి, ఎముక లావు. ఈ ఆటకు సరిపడే ఒళ్లు కాదు. 53 కిలోల విభాగానికి దిగు, లేదంటే జూడోలో చేరు" అన్నారట. ఇన్నేళ్లూ సొంత కూతురిలా చూసుకున్న మనిషి నోట ఆ మాట రావడం ఆమెను బాగా కుంగదీసింది. అప్పటి నుంచి రాత్రి భోజనం మానేసి, ప్లాస్టిక్ జాకెట్ తొడుక్కొని పరుగెత్తి, నాలుగు నెలల్లో 64 కిలోల నుంచి 60 కిలోలకు వచ్చారు. జిమ్‌లో చేత్తో పట్టుకునే మిషన్ ఒంట్లో కొవ్వు 22 శాతం అని చూపించింది. మూడు నెలలుగా నెలసరి రాలేదు. కుడికాలికి మోకాలి కింది ఎముక నొప్పి పెడుతోంది. ఈ రెండు సంగతులూ ఇంట్లో చెప్పలేదు. తాను దగ్గరుండి మొదటి కిక్‌లు నేర్పిన అమ్మాయి పదిహేనేళ్లకే 170 సెంటీమీటర్లు పెరిగి ఇప్పుడు సాధనలో తననే ఓడిస్తోందని, ఆ అమ్మాయిని కూడా 49 కిలోలు దాటవద్దని మాస్టారు హెచ్చరిస్తున్నారని రాశారు. ఎంపిక పోటీలకు ఇంకా మూడు నెలల గడువుంది. "నా శరీరం నిజంగానే ఈ ఆటకు పనికిరాదా? 53కి దిగమంటారా, జూడోకు వెళ్లమంటారా, మొత్తానికే మానేయమంటారా?" అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం:

మీ ఉత్తరంలో ఓటమి గురించి, మాస్టారి మాట గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. నెలసరి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. నేను ఆ వాక్యం నుంచే మొదలుపెడతాను. ఏ విభాగంలో పోటీ చేయాలన్న నిర్ణయం కన్నా ముందు మీరు డాక్టరును కలవాలి. మీ ముందున్న దారులు ఎన్నయినా, అవన్నీ ఆ గది నుంచి బయటికి వచ్చాక మొదలయ్యేవే.

కఠినంగా సాధన చేసే మనిషి తినే తిండిలో సాధనకు ఖర్చయినది పోగా, గుండె, మెదడు, ఎముకలు, హార్మోన్ల వంటి నిత్యావసరాలకు కొంత శక్తి మిగలాలి. ఆ మిగులు బాగా తగ్గినప్పుడు శరీరం తక్షణం ప్రాణానికి అవసరం లేని పనులను ఒక్కొక్కటిగా ఆపేస్తుంది. స్త్రీలలో ముందుగా ఆగేవాటిలో నెలసరి ఒకటి. దానితో పాటు ఈస్ట్రోజెన్ పడిపోతుంది. ఈస్ట్రోజెన్ పడిపోతే ఎముక కట్టుకునే వేగం తగ్గుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితిని రెడ్-ఎస్ అనే పేరుతో గుర్తించి, ఇది ఆడవారికే కాదు, మగ క్రీడాకారులకూ వస్తుందని హెచ్చరించింది. మనిషి ఎముకల సాంద్రత ఇరవైల మధ్య వరకు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, పందొమ్మిదేళ్ల వయసులో కోల్పోయిన ఎముకను ఆ తర్వాత పూర్తిగా తిరిగి సంపాదించుకోవడం కష్టం. "ఆటలాడేవాళ్లకు ఇది మామూలే" అని మీ సీనియర్లు ధైర్యం చెప్పారని రాశారు. చాలామందిలో కనిపిస్తుందన్న మాట నిజమే. అంతమాత్రాన అది ఆరోగ్యం కాదు.

కాలి నొప్పిని కూడా దీనితో కలిపే చూడాలి. ఎముక పొడవునా సలుపుతూ, ఒళ్లు వేడెక్కాక తగ్గిపోయే నొప్పి ఒక రకం. వేలి కొనతో నొక్కితే ఒకే చోట చురుక్కుమనడం, ఒంటికాలిపై గెంతితే పెరగడం, పడుకున్నాక కూడా నొప్పి ఉండటం వేరొక రకం; అది ఎముకలో సన్నని పగులుకు సంకేతం కావచ్చు. మొదటి రోజుల్లో అలాంటి పగులు మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కాబట్టి, ఎక్స్‌రే బాగుందన్న ఒక్క మాటతో ఊరుకోకండి. నెలసరి ఆగడానికి థైరాయిడ్, పీసీఓఎస్, గర్భం వంటి ఇతర కారణాలు లేవని కూడా డాక్టరే తేల్చాలి. నాలుగు నెలల్లో నాలుగు కిలోలు తగ్గిన విషయం, రాత్రి భోజనం మానేసిన విషయం, ప్లాస్టిక్ జాకెట్ విషయం, ఏదీ దాచకుండా చెప్పండి. ఇంట్లో అమ్మకు చెప్పి వెంట తీసుకువెళ్లగలిగితే మరీ మంచిది. డాక్టరు చూసేవరకు గెంతులు, తన్నులు ఆపండి. భోజనం మానడం ఈ రోజుతో ఆపండి.

ఇప్పుడు ఆ చార్టు సంగతి. మూడు బొమ్మల వర్గీకరణను 1940లో విలియం షెల్డన్ అనే అమెరికా మనస్తత్వవేత్త ప్రచారంలోకి తెచ్చాడు. గుండ్రని ఒళ్లు ఎండోమార్ఫ్, కండగల ఒళ్లు మీసోమార్ఫ్, సన్నని ఒళ్లు ఎక్టోమార్ఫ్ అన్నాడు. అంతటితో ఆగక, ఒంటి ఆకారాన్ని బట్టి మనిషి స్వభావాన్ని కూడా చెప్పవచ్చన్నాడు. ఆ రెండో భాగాన్ని శాస్త్రం ఎప్పుడో పక్కన పెట్టేసింది. మొదటి భాగాన్ని బార్బరా హీత్, లిండ్సే కార్టర్ అనే ఇద్దరు పరిశోధకులు సంస్కరించి, 1967లో కొలతలపై ఆధారపడే పద్ధతిగా మార్చారు. క్రీడాశాస్త్రంలో నేటికీ వాడేది ఆ పద్ధతే. అందులో ఎవరికీ ఒక్క పేరు ఉండదు. ప్రతి మనిషికీ మూడు అంకెలు ఉంటాయి, అవి కొవ్వు ఎంత, కండ-ఎముకలు ఎంత, సన్నదనం ఎంత అని చెప్పేవి. ఆ అంకెలు రావడానికి పది కొలతలు తీసుకోవాలి: ఎత్తు, బరువు; చేతి వెనుక భాగంలో, వీపు రెక్క కింద, తుంటి ఎముక పైన, పిక్క మీద చర్మాన్ని పట్టకారు లాంటి క్యాలిపర్‌తో పట్టి చూసే నాలుగు మడతల మందం; మోచేతి, మోకాలి ఎముకల వెడల్పు; బిగించిన చేతి చుట్టుకొలత, పిక్క చుట్టుకొలత. ఇవేవీ మీ మాస్టారు తీయలేదు. ఫోన్ తెరకేసి ఒకసారి, మీకేసి ఒకసారి చూసి తీర్పు చెప్పారు.

మీరే రాశారు, చిన్నప్పటి నుంచి తొడలు, పిక్కలు గట్టిగా ఉంటాయని, మణికట్టు, మోకాలు వెడల్పని, డోబోక్ (తైక్వాండో దుస్తులు) ప్యాంటు నడుము దగ్గర వదులుగా ఉండి తొడల దగ్గర పట్టేస్తుందని. కొలిచి చూస్తే మీకు ఎక్కువగా వచ్చే అంకె రెండోది, అంటే కండ-ఎముకల అంకె అయి ఉండే అవకాశమే ఎక్కువ. అగ్రస్థాయి యుద్ధక్రీడాకారుల్లో అతి బరువు విభాగాల వారిని మినహాయిస్తే, సాధారణంగా పైచేయిగా కనిపించేది కూడా ఆ అంకే. జూడో, కుస్తీ క్రీడాకారుల్లో అది బాగా ఎక్కువగా ఉంటుంది; తైక్వాండో వారిలో దానితో పాటు సన్నదనం అంకె కూడా పైకి వస్తుంది. ఇంకొక మాట: మొదటి అంకె తిండితో, సాధనతో మారుతుంది. 64 కిలోలున్నప్పుడు కొలిస్తే వచ్చేది ఒకటి, ఈరోజు కొలిస్తే వచ్చేది మరొకటి. ఎముక వెడల్పు మాత్రం మారదు. మీ మాస్టారు మారేదాన్ని మారనిదిగా, మారనిదాన్ని ఉపవాసంతో మార్చగలిగేదిగా పొరబడ్డారని నాకు అనిపిస్తోంది.

అయినా ఆయన చెప్పినదంతా తప్పని నేను అనను. అలా అంటే మిమ్మల్ని ఓదార్చినట్టు అవుతుంది గాని మీకు సాయం చేసినట్టు కాదు. నేటి తైక్వాండోలో పొడవైన కాళ్లు నిజంగానే లాభం, దానికి కారణం పాయింట్లు లెక్కించే విధానంలో ఉంది. ఒకప్పుడు దెబ్బకు ఎదుటివారి ఒళ్లు అదిరిందా లేదా అని న్యాయనిర్ణేతలు కంటితో చూసి పాయింటు ఇచ్చేవారు. 2012 ఒలింపిక్స్ నుంచి ఛెస్ట్ గార్డ్‌లో, 2016 నుంచి హెల్మెట్‌లో కూడా ఎలక్ట్రానిక్ సెన్సర్లు వచ్చాయి. పాదానికి తొడిగిన సెన్సర్ సాక్స్ గార్డ్‌ను తాకి, ఆ బరువు విభాగానికి నిర్ణయించిన కనీస బలం నమోదైతే చాలు, పాయింటు వచ్చేస్తుంది. ఆ కనీసం కన్నా రెండింతలు గట్టిగా తన్నినా అదనంగా ఏమీ రాదు. అంటే బలానికి విలువ ఒక గీత దగ్గర ఆగిపోయింది, అందుకోగల దూరానికి విలువ పెరిగింది. మీ ఎదుటి అమ్మాయిలు ముందుకాలు గాలిలో ఉంచి ఆడటం ఈ లెక్కలోంచి పుట్టిన ఆటే. జూడోలోనూ ఇలాగే జరిగింది: 2010లో కొంత, 2013లో పూర్తిగా, చేతులతో కాళ్లు పట్టి పడేయడాన్ని నిషేధించాక, కిందికి దూరి కాళ్లు అందుకునే పొట్టివారి ఆయుధాలు కొన్ని చేజారిపోయాయి. ఏ ఆటకు ఏ ఒళ్లు సరిపోతుందన్నది ఆ కాలపు నియమాల పుస్తకం మీద కూడా ఆధారపడి ఉంటుంది. మీ శరీరం మారలేదు. దాని చుట్టూ ఉన్న ఆట మారింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పొడవే సమస్య అయితే, 53 కిలోలకు దిగడం దానికి పరిష్కారం అవుతుందా? థాయిలాండ్‌కు చెందిన పానిపాక్ వోంగ్‌పట్టనకిట్ టోక్యో ఒలింపిక్స్‌లోనూ, 2024 పారిస్‌లోనూ 49 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచారు. ఒలింపిక్స్‌లో ఆడవారికి అంతకన్నా తక్కువ బరువు విభాగమే లేదు, ఆమె ఎత్తు దాదాపు 173 సెంటీమీటర్లు. కొరియా ఆటగాడు లీ దే-హూన్ 180 సెంటీమీటర్లకు పైబడిన ఎత్తుతో 2012లో 58 కిలోల విభాగంలో రజతం అందుకున్నారు. మీరు 53కి దిగితే అక్కడ మీకోసం 161 సెంటీమీటర్ల అమ్మాయిలు ఎదురుచూస్తూ ఉండరు. సన్నని ఎముకలతో పుట్టి, సహజంగానే ఆ బరువులో ఉండే పొడగరులు ఉంటారు. మీరు ఏడు కిలోలు పోగొట్టుకొని, ఇప్పుడున్న బలాన్నీ వదులుకొని, అదే పొడవైన కాలి ముందు మళ్లీ నిలబడతారు.

కొంచెం లెక్క కూడా వేసి చూద్దాం. మీరు చెప్పిన 22 శాతమే నిజమనుకుంటే, 60 కిలోల్లో కొవ్వు దాదాపు 13 కిలోలు, మిగతా 47 కిలోలు కండ, ఎముక, నీరు, అవయవాలు. ఒక్క గ్రాము కండ కూడా పోకుండా 53కి వస్తే కొవ్వు ఆరు కిలోలకు, అంటే 12 శాతం కన్నా కిందికి పడిపోతుంది. అమెరికాలో పాఠశాల స్థాయి కుస్తీలో బాలికలు అంతకన్నా కిందికి వెళ్లే బరువు విభాగాన్ని ఎంచుకోకుండా పెట్టిన కనీస హద్దు ఆ 12 శాతమే. ఆ చేతిమిషన్ ఒంట్లో నీటిని బట్టి మూడు, నాలుగు శాతం అటూ ఇటూ చూపించగలదు కాబట్టి అసలు పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా ఉండవచ్చు, అధ్వానంగానూ ఉండవచ్చు. కానీ 22 శాతం దగ్గరే నెలసరి ఆగిపోయిన శరీరం 12 దగ్గర ఏం చేస్తుందో ఊహించడం కష్టం కాదు.

కొవ్వు కరిగించలేనివారు చివరి రోజుల్లో నీటిని పిండుతారు. ప్లాస్టిక్ జాకెట్ ఉపయోగం అదొక్కటే; అది కొవ్వును తాకదు, చెమటను మాత్రమే తీస్తుంది. 1997 చివరలో అమెరికాలో ముగ్గురు కళాశాల కుస్తీ క్రీడాకారులు ఇలాగే బరువు దించుకునే ప్రయత్నంలో, నెల రోజులకు కాస్త అటూ ఇటూగా ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. ఆ తర్వాతనే అక్కడ రబ్బరు సూట్లను నిషేధించి, సీజన్ మొదట్లో మూత్ర పరీక్షతో ఒంట్లో నీరు సరిపడా ఉందో లేదో చూసి, ప్రతి ఒక్కరికీ కనీస బరువు నిర్ణయించడం మొదలైంది. పారిస్‌లో వినేశ్ ఫోగాట్ తనకు అలవాటైన 53 నుంచి 50 కిలోల విభాగానికి దిగి, ఫైనల్ నాటి ఉదయం 100 గ్రాములు ఎక్కువ ఉండి పోటీకే దూరమవడం మీకు గుర్తుండే ఉంటుంది. అంతటి అనుభవం, అంతమంది నిపుణులు వెంట ఉన్నవారికే అంత సన్నని తాడు మీద నడక అది. మీరు ఒంటరిగా, ఇంట్లో దాచి, రాత్రి భోజనం మానేసి చేస్తున్నారు. మిగతా దారుల విషయంలో నిర్ణయం మీదే అంటాను. ఈ ఒక్కదాని విషయంలో మాత్రం నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను: 53కి వెళ్లవద్దు.

ఇక మిగిలిన దారులు. మొదటిది, 62లోనే ఉండి ఆటను మార్చుకోవడం. మీ ఉత్తరంలో నాకు ఆశ కలిగించిన మాట ఒకటుంది: ఎదుటి అమ్మాయి కాలు లేస్తున్నప్పుడే మీరు లోపలికి అడుగు వేస్తున్నారు. వేయవలసింది ఆ కాలు దిగుతున్నప్పుడు. కాలు గాలిలో ఉన్నంతసేపు ఆ అమ్మాయి ఒంటికాలి మీద ఉంటుంది. గబుక్కున వెనక్కి జరగడం, బరువు మార్చుకోవడం ఆమెకు కుదరదు. లేస్తున్న కాలు తన్నడానికి సిద్ధంగా ఉంటుంది, దిగుతున్న కాలికి మళ్లీ తన్నాలంటే ముందు నేల కావాలి. ఆ పాదం నేలకు ఆనే క్షణానికి మీరు ఆమె ఛాతీ తెరిచి ఉన్న వైపు, నేరుగా కాకుండా కాస్త ఏటవాలుగా, లోపల ఉండాలి. దీన్ని మీరు ఒట్టి కాళ్ల వేగంతో సాధించలేరు. ఆమె కాలు దించేలా మీరే చేయాలి. అడుగు వేసినట్టు వేసి ఆగడం, అలా ఆమె తన్ను గాలిలో వృథా అయ్యేలా చేయడం, వెంటనే వెళ్లడం, ఇవన్నీ మీకు తెలిసిన పాఠాలే. ఎదుటివారిని అడ్డుకోవడానికి మూడు సెకన్లకు మించి కాలు గాలిలో ఉంచితే పెనాల్టీ పడే నియమం ఒకటి ఉంది. ఓపికగా నిలబడి ఆమె చేత ఆ తప్పు చేయించడం కూడా ఆటలో భాగమే.

లోపలికి చేరాక మీ ఒళ్లే మీకు ఆస్తి. పంచ్‌కు వచ్చేది ఒక్క పాయింటే అయినా, దాన్ని సెన్సర్ కాక న్యాయనిర్ణేతలు కంటితో చూసి ఇస్తారు. గట్టి భుజాలు, వెడల్పు ఎముకలు ఉన్నవారి పంచ్ కంటికి కనిపిస్తుంది. పారిస్ నాటి నియమాల్లో ఛాతీకి మామూలు కిక్ రెండు పాయింట్లు, తలకు మూడు. అదే ఒళ్లు తిప్పి కొట్టే బ్యాక్ కిక్ వంటిది ఛాతీకి తగిలితే నాలుగు. బ్యాక్ కిక్‌కు పొడవు కన్నా తుంటి బలం, సమయం చూసుకోవడం ముఖ్యం. అన్నట్టు, అందుకునే దూరం అంతా ఎముక పొడవులోనే లేదు. నేల మీదున్న పాదాన్ని మడమ ఎదుటివారి వైపు వచ్చేంతగా తిప్పి, తుంటిని పూర్తిగా తెరిచి తన్నితే అదే కాలు ఇంకొంచెం ముందుకు వెళుతుంది. మీ సాధన వీడియోలు ఒకసారి నెమ్మదిగా తిప్పి, ఆ పాదం ఎక్కడ ఆగిపోతోందో చూడండి.

పొట్టివారు పొడగరుల మధ్య గెలిచిన ఉదాహరణలు యుద్ధక్రీడల్లో కొత్త కాదు. మైక్ టైసన్ దాదాపు 178 సెంటీమీటర్ల ఎత్తుతో 1986లో ఇరవై ఏళ్లకే హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్ అయ్యాడు. తన్నులు, గుద్దులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన ఎంఎంఏ ఆటలో డేనియల్ కోర్మియర్ 180 సెంటీమీటర్ల మనిషి. 2018లో తనకన్నా సుమారు 13 సెంటీమీటర్లు పొడవైన స్టిపే మియోచిచ్‌ను పడగొట్టి, ఆ ఆట పోటీలు నడిపే యూఎఫ్‌సీ సంస్థ హెవీవెయిట్ టైటిల్ తీసుకున్నాడు. అయితే అదే కోర్మియర్, చాచిన చేతుల పొడవు 215 సెంటీమీటర్ల దాకా ఉన్న జాన్ జోన్స్ చేతిలో 2015లో ఓడాడన్నది కూడా మీకు చెప్పాలి. దూరాన్ని దాటడం ప్రతిసారీ సాధ్యం కాదు. ఈ దారిలో వెళితే మొదటి ఆరునెలలు మీరు ఇప్పటికన్నా ఎక్కువగా ఓడిపోవచ్చు. పాత అలవాటు పోయి కొత్త అలవాటు కుదిరేలోపు అలా జరగడం సహజం. ఇంకో ఇబ్బంది, 62 కిలోల విభాగం ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో ఉంది గాని ఒలింపిక్స్‌లో లేదు. అక్కడ 49, 57, 67, ఆపైన, ఇంతే.

రెండో దారి అందుకే 57. మీ లెక్క ప్రకారం 57 దగ్గర కొవ్వు 18 శాతం దరిదాపుల్లో ఉంటుంది. చాలామంది క్రీడాకారిణులు ఆరోగ్యంగా ఉండే స్థాయే అది. కానీ ఇది ఈ మూడు నెలల పని కాదు. ముందు నెలసరి తిరిగి రావాలి, అది కొన్ని నెలలు క్రమంగా కొనసాగాలి, కాలి ఎముక నయం కావాలి. ఆ తర్వాత పోషకాహార నిపుణుల పర్యవేక్షణలో వారానికి అర కిలోకు మించకుండా తగ్గాలి. ఆ క్రమంలో మళ్లీ నెలసరి తప్పినా, పంచ్ బలం తగ్గినా, మీ శరీరం 57కు ఒప్పుకోవడం లేదని అర్థం చేసుకొని వెనక్కి రావాలి. ఆ షరతును ముందే కాగితం మీద రాసుకొని మాస్టారికి, ఇంట్లోవారికి చూపించండి, ఎందుకంటే పోటీ దగ్గరపడ్డాక ఎవరికీ వెనక్కి రావాలనిపించదు. ఎత్తు విషయంలో 57లోనూ పెద్ద తేడా ఉండదన్నది గుర్తుంచుకోండి. లాభం విభాగానిదే గాని ఎత్తుది కాదు.

జూడో సంగతికి వస్తే, మాస్టారు దాన్ని శిక్షలా అన్నారు గాని, సలహాగా చూస్తే తీసిపారేయదగినది కాదు. దగ్గరగా పట్టుకొని ఆడే ఆటలో శరీర భారం కిందికి ఉన్నవారిని కదిలించడం కష్టం. ఎదుటివారి ఛాతీ కిందికి దూరి వీపు మీదుగా విసిరే సెయోయి నాగే, పొడగరుల మీద పొట్టివారికి ఎంతో అనువైన విసురు. జపాన్‌కు చెందిన తదహిరో నొమురా ప్రధానంగా ఆ విసురుతోనే 1996, 2000, 2004 ఒలింపిక్స్ మూడింటిలోనూ 60 కిలోల స్వర్ణం గెలిచాడు. 80 కిలోల ఇసావో ఒకానో బరువు విభాగాలే లేని ఆల్ జపాన్ పోటీలను 1967లోనూ, 1969లోనూ గెలిచాడు. అయితే జూడోలోనూ పొడవుకు చోటుంది: 204 సెంటీమీటర్ల ఫ్రాన్స్ ఆటగాడు టెడ్డీ రినేర్‌ను చూస్తే తెలుస్తుంది. అంటే అక్కడ కూడా మీ ఒళ్లు మీకు ఒక ఆటతీరును ఇస్తుంది, గెలుపును ఇవ్వదు. వెళితే ముందు పడటం నేర్చుకోవాలి, పట్టు నేర్చుకోవాలి. ఎనిమిదేళ్లకే మొదలుపెట్టినవారి వేళ్ల బలం ముందు మొదటి రెండేళ్లు మీ చేతులు నిలవవు. తొమ్మిదేళ్ల అడుగుల నేర్పు, సమయం చూసుకునే నేర్పు మాత్రం వృథా పోవు. ఇప్పుడే వెళ్లాలా అంటే, నా ఉద్దేశం, అవమానంతో వెళ్లకండి. కాలు నయమయ్యాక ఒక నెల ఏదైనా జూడో తరగతిలో కొత్త విద్యార్థిగా చేరి చూడండి. ఎదుటివారి పట్టులో నిలబడటం మీకు ఇష్టంగా ఉందో లేదో ఒంటికే తెలుస్తుంది. ఇష్టం లేకుండా ఒళ్లు సరిపోయిందని మాత్రమే ఎంచుకున్న ఆటలో ఎవరూ ఏళ్ల తరబడి నిలవలేరు.

తైక్వాండోలోనే పూమ్సే అని, ఎదురుగా ప్రత్యర్థి లేకుండా నిర్ణీత కదలికల వరుసను చేసి చూపే పోటీలు ఉన్నాయి; వాటిలో బరువు విభాగాలే ఉండవు. 2006 నుంచి దానికి ప్రత్యేకంగా ప్రపంచ చాంపియన్‌షిప్స్ జరుగుతున్నాయి. మీ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు కాబట్టి మీకు ఆసక్తి లేదనే అనుకుంటున్నాను. మానేయడం అన్నది కూడా గౌరవప్రదమైన దారే, కాకపోతే ఆకలితో, నొప్పితో, నలుగురిలో పడ్డ మాటతో ఉన్న ఈ నెలల్లో ఆ నిర్ణయం తీసుకోవద్దు.

మాస్టారితో మాట్లాడటం తప్పదు. తరగతి అయ్యాక, ఎవరూ లేనప్పుడు, డాక్టరు రిపోర్టు చేతిలో పెట్టుకొని మాట్లాడండి. "మాస్టారూ, నాకు మూడు నెలలుగా నెలసరి లేదు, కాలి ఎముక నొప్పిగా ఉంది, అందుకని డాక్టరు బరువు తగ్గించవద్దన్నారు. 62లోనే ఉండి పొడగరుల మీద ఆడటం నేర్చుకోవాలనుకుంటున్నాను. నాకు మీ సాయం కావాలి" అని నేరుగా చెప్పండి. మగ గురువు ముందు నెలసరి మాట ఎత్తడానికి ఇబ్బందిగా ఉంటే అమ్మను వెంట తీసుకువెళ్లండి. అందరి ముందూ అన్న మాట బాధించిందని కూడా చెప్పవచ్చు. ఇన్నేళ్లు నేర్పిన మనిషికి మీ ఓటమి బాధ కలిగించి ఉంటుంది, ఆ బాధలో కళ్లముందు కనిపించిన చార్టును పట్టుకొని ఉంటారు. ఆయన వింటే మీకు మంచి గురువు మిగులుతారు. రిపోర్టు చూశాక కూడా 53 అనే పట్టుబడితే, మీ ఆరోగ్యం ఆయన చేతిలో క్షేమంగా ఉండదని అర్థం. అప్పుడు వేరే శిక్షణ కేంద్రం చూసుకోవడం కృతఘ్నత కాదు.

ఆ పదిహేనేళ్ల అమ్మాయి విషయం కూడా అదే సంభాషణలో ఎత్తండి. ఆ వయసు అమ్మాయిల్లో ఎత్తు పెరగడం దాదాపు పూర్తయ్యాక కూడా కండ, ఎముక, బరువు పెరుగుతూ ఉంటాయి. 170 సెంటీమీటర్ల అమ్మాయిని 49 దగ్గర ఆపి ఉంచడం అంటే ఆ పెరుగుదలను ఆపడమే. ఆమెకు నెలసరి సరిగా వస్తోందా అని అడగగలిగిన పెద్దమనిషి ఆ కేంద్రంలో ఇప్పుడు మీరే. సాధనలో ఆమె చేతిలో ఓడుతున్నానని బాధపడుతున్నారు గాని, పొడవైన ముందుకాలిని దాటడం నేర్చుకోవడానికి వారానికి మూడుసార్లు మీ ఎదురుగా నిలబడే అంతకన్నా మంచి జోడీ మీకు దొరకదు.

ఎంపిక పోటీలకు ప్రస్తుతానికి 62 కిలోల విభాగంలోనే పేరు నమోదు చేయించండి. మీ మామూలు బరువు 64కు తిరిగి వెళ్లినా, మునుపటిలాగే ఆ రెండు కిలోల సంగతి చివర్లో చూసుకోవచ్చని ఇప్పుడే లెక్క వేసుకోకండి. ఆ మాట డాక్టరును అడిగి తేల్చుకోండి. ఎముకలో పగులు ఉందని తేలితే పేరు వెనక్కి తీసుకొని ఈ ఏడాదికి వదిలేయండి. కాలికి పగులు లేదని, నెలసరి తిరిగి వచ్చిందని పోటీకి నెల ముందే డాక్టరు రాతపూర్వకంగా చెబితే మాత్రం వెళ్లి ఆడండి.